రిమ్‌ఫైర్ పిస్టల్‌కు సప్రెసర్

ప్రశ్న: అమెరికాలో గురి సాధనకు సప్రెసర్‌తో వాడేందుకు ఎలాంటి .22 పిస్టల్ అనువైనది?

జవాబు: అడుగు అంచుపై దెబ్బ పడగానే పేలే తూటాను రిమ్‌ఫైర్ అంటారు. ఈ తరగతిలో రూగర్ మార్క్ ఫోర్ వలె గొట్టం కదలక స్థిరంగా ఉండే పిస్టల్, పేలుడు శబ్దాన్ని తగ్గించే సప్రెసర్ బరువును ఇబ్బంది లేకుండా మోస్తుంది కనుక, గొట్టం మూతికి మరలు కోసిన నమూనాను ఎంచుకోవడం మేలు. అయితే తూటా వేగం ధ్వనివేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను మించితే, గాలిలో చెళ్లుమని పుట్టే శబ్దాన్ని ఏ సప్రెసరూ ఆపలేదు. రిమ్‌ఫైర్ సప్రెసర్‌లో సీసం, మసి త్వరగా పేరుకుంటాయి గనుక విప్పి కడగగలిగినదే నిలుస్తుంది. 1934 నాటి ఫెడరల్ చట్టం సప్రెసర్ నమోదును కోరుతుంది. హెచ్-1బి వీసాపై ఉన్న తెలుగువారికైతే, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం.