'సాహబ్' అనే మాట

దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కు నగరంలో 'సాహబ్' అన్న మాట వినపడని దినం ఉండదు. కార్యాలయంలో పై అధికారి 'బడే సాహబ్', వైద్యుడు 'డాక్టర్ సాహబ్'. గురుద్వారాలో కొలువైన పవిత్ర గ్రంథం 'గురు గ్రంథ్ సాహిబ్'. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో కబీరు పంథీయులు ఒకరికొకరు ఎదురైనప్పుడు 'సాహెబ్ బందగీ' అని నమస్కరించుకొంటారు. అధికారికీ, గ్రంథానికీ, దైవానికీ ఒకే మన్నన ఎట్లా చెల్లింది?

ఇది అరబ్బీ పదం. 'తోడుగా ఉండటం' అనే అర్థంగల ధాతువునుండి పుట్టింది. 'సాహిబ్' అంటే మొదట సహచరుడు మాత్రమే. మహమ్మదు ప్రవక్త సహచరులను 'సహాబా' అనటం ఈ ధాతువువల్లనే. ఒకదానిని అంటిపెట్టుకొని ఉండేవాడు దానికి యజమాని అనే భావం కూడా ఇందులో చేరింది. అరబ్బీలో 'సాహిబ్ అల్ బైత్' అంటే ఇంటి యజమాని. 10వ శతాబ్దంలో ఇరాన్‌నేలిన బువైహిదుల మంత్రి, పండితుడు అయిన ఇబ్న్ అబ్బాద్ (మరణం 995) 'అస్ సాహిబ్' అన్న పేరుతోనే చరిత్రకెక్కాడు. సహవాసాన్ని బట్టి వచ్చిన పిలుపు ఆయనకు బిరుదయింది. తరువాత ఈ మాట పారసీకం ద్వారా మన దేశానికి చేరింది.

ఉత్తర భారతంలో ఆంగ్లేయ అధికారి 'సాహబ్' కాగా, తెలుగునాట 'దొర' అయ్యాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గోదావరి జిల్లాలవారికి నేటికీ 'కాటన్ దొర'యే. తెలుగులో 'సాయిబు'గా మారిన ఈ పదానికి వాడుకలో ముస్లిం పురుషుడనే అర్థం స్థిరపడింది. గౌరవవాచకం మతసూచకంగా కుదించుకొనిపోవటం విచారింపదగినదే. అయినా పాత మన్నన పూర్తిగా పోలేదు. ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాను (1924-1999) సంగీతాభిమానులు 'చినమౌలానా సాహెబ్' అనే గౌరవించారు. 'మౌలానా' సైతం అరబ్బీ మన్ననయే. 'మా స్వామి' అని దాని అర్థం.

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట 'సాయిబు'ను, బయట 'సాహబ్'ను వింటారు. రెండూ ఒకే మాట అని తోచకపోవటం సహజం. చిక్కు అనువాదంలో వస్తుంది. 'వర్మా సాహబ్' అంటే తెలుగులో 'వర్మగారు'; ఇబ్బంది లేదు. కాని 'గారు' పేరులేక నిలువదు, 'సాహబ్' ఒంటరిగానూ నిలుస్తుంది. 'సాహబ్ వచ్చారు' అన్నచోట సందర్భాన్ని బట్టి 'అయ్యగారు' అనో 'దొరగారు' అనో వ్రాయక తప్పదు. కబీరు పదాలలోని 'సాహిబ్' మరింత జాగ్రత్త కోరుతుంది. అక్కడ ఆ మాట భగవంతునిది. దానిని 'సాయిబు' అని వ్రాస్తే, ఏ మతానికీ కట్టుబడని దైవాన్ని ఒక మతానికి ముడిపెట్టినట్లవుతుంది. 'స్వామి' అనటమే మేలు. 'గురు గ్రంథ్ సాహిబ్' వంటి పేర్లను మాత్రం అనువదింపక యథాతథంగా ఉంచవలసిందే.