షిఫ్టు ఉద్యోగులకు నిద్రాచర్య

నిరుడు వేసవిలో, మేడ్చల్ వైపున ఒక పెద్ద గిడ్డంగిలో పనిచేసే యువకుడొకడు నా వద్దకు వచ్చాడు. దుకాణాలకు సరుకును లారీలకెక్కించి పంపే ఆ చోటు రాత్రింబవళ్లు మూతపడదు. ఉదయం 6 నుండి 2, అక్కడి నుండి రాత్రి 10, మరల ఉదయం 6 వరకు మూడు షిఫ్టులు. వారం వారం మారుతుంటాయి. మలబద్ధకం, పుల్లని త్రేన్పులు, చిరాకు, పట్టని నిద్ర అతని బాధలు. నాడి చూచి, రాత్రి పడుకొనే ముందు త్రిఫల చూర్ణం, భోజనానంతరం జీలకర్ర కషాయం వ్రాసి ఇచ్చాను. నెల గడిచినా గుణం కనిపించలేదు. తప్పు మందుది కాదు, నాది. “రాత్రి పడుకొనే ముందు” అని వ్రాశానే గాని, అతనికి రాత్రి ఏదో అడగలేదు.

రెండవసారి భార్య వెంట వచ్చింది. రాత్రి షిఫ్టు ముగించుకొని స్కూటరుపై వస్తూ కునుకుపట్టి డివైడరును రాసుకొని పడ్డాడట. మోచేతి చర్మం లేచిపోవడంతో గండం గడిచింది.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి ఉపస్తంభాలని ఆయుర్వేదం చెబుతుంది. రాత్రి జాగరణ రూక్షత్వాన్ని, పగటినిద్ర స్నిగ్ధత్వాన్ని పెంచుతాయి. మొదటిది వాతానికి, రెండవది కఫానికి దోహదం. కూర్చుని తీసే కునుకుకు ఈ రెండు దోషాలూ లేవు. షిఫ్టు ఉద్యోగికి జాగరణా తప్పదు, పగటినిద్రా తప్పదు. అట్టివారికి వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఒక కొలత ఇచ్చాడు: అలవాటులేని జాగరణ చేసినవాడు, మేల్కొన్న కాలంలో సగంసేపు, మరునాటి ఉదయం భుజించకుండా నిద్రించవలెను. ఎనిమిది గంటలకు నాలుగు గంటలన్నమాట.

ఈ “భుజించకుండా” అన్న మాట వద్దనే మా రోగి చిక్కు ఉంది. అలసి వచ్చిన భర్తకు ఆమె వేడివేడిగా పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి పెట్టేది. అవి జీర్ణం కాకముందే అతడు పడుకొనేవాడు. “నేను పెట్టే టిఫినే శత్రువా, డాక్టరుగారూ?” అన్నది. “టిఫిను కాదు తల్లీ, దాని వేళ” అన్నాను. ఆకలి ఆగకపోతే పలుచని మజ్జిగ ఒక గ్లాసు చాలు. అసలు భోజనం నిద్ర లేచిన పిమ్మటే. త్రిఫలనూ పగటి పెద్దనిద్ర ముందుకు మార్చాను. అర్ధరాత్రి దాటాక టీ మాన్పించాను. అది కష్టంగానే మానాడు.

శరీరంలోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. ఆ గడియారం పనితీరును పండు ఈగలలో విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. కనుక పడకగదికి నల్లని తెరలు, అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, ఇంట్లో నిశ్శబ్దం అవసరం. షిఫ్టు దిగగానే బండెక్కక ఇరవై నిమిషాలు కూర్చునే కునుకు తీయమన్నాను. కునుకు వదలకుంటే బస్సే శరణ్యం.

మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు షిఫ్టు మారినప్పుడు మోతాదు వేళలను సొంతంగా మార్చుకొనరాదు, వైద్యుని అడగవలెను. గురక పెడుతూ పగలంతా తూగేవారికి చూర్ణాలు చాలవు, పరీక్ష అవసరం.

మరొకటి. అతని షిఫ్టులు రాత్రి, మధ్యాహ్నం, ఉదయం అన్న వరుసలో మారేవి. నిద్రవేళను వెనుకకు జరపడం కన్నా ముందుకు లాగడమే శరీరానికి కష్టం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరుస మేలు. తోటివారితో కలిసి అతడు అర్జీ పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు. త్రేన్పులు తగ్గాయి, విరేచనం సాఫీ అయింది. రాత్రి షిఫ్టు వారంలో వాళ్లింట పొద్దున మిక్సీ తిరగదు, పాలవాడు బెల్లు కొట్టడు.