టీషర్టు రోజుల్లో తుపాకీ

సిగరెట్ల ర్యాకు నెత్తిమీద ఉంటుంది. కస్టమర్ ప్యాకెట్ అడిగితే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే టీషర్టు లేస్తుంది, నడుముకి పెట్టుకున్న పిస్టల్ పిడి కౌంటర్ అవతలి మనిషికి కనబడుతుంది. హ్యూస్టన్‌లో చలి ఉన్న ఆ రెండు మూడు నెలలూ స్వెటర్ ఈ సంగతిని కప్పేస్తుంది. మే వచ్చిందంటే కప్పడానికి ఏమీ ఉండదు. పెద్దదాన్ని ఇంట్లో లాకర్‌లో పెట్టేసి చిన్నదొకటి జేబులో వేసుకుందామన్న ఆలోచన అప్పుడే మొదలవుతుంది. గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్లలో రాత్రి షిఫ్టులు చేసే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ రెండో తుపాకీ గురించే.

"ఏ మోడల్ కొనమంటావన్నా?" అని ఎవరడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ స్టేటస్‌లో ఉన్నావు తమ్ముడూ?"

హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 మీద ఉంటే కొనడం సంగతి అటుంచండి, ముట్టుకోవద్దు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ ఉన్నా, తూటాలున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. ఐ-140 అప్రూవ్ అయి పదేళ్లు గడిచినా అంతే. ఓనర్ తన తుపాకీ కౌంటర్ కింద పెట్టి "అవసరమైతే వాడుకో" అన్నా అంతే. వారాంతంలో సరదాగా రేంజ్‌కి వెళ్లి, అద్దె పిస్టల్ పట్టుకుని ఫొటో దిగి, దాన్ని నలుగురికీ పంపే కుర్రాళ్లని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. తమ మీద తామే సాక్ష్యం తయారు చేసుకుంటున్నారు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. దాన్ని నమ్ముకుని దిగేముందు మాత్రం లాయర్ని కలవండి. తుపాకీ కేసు జైలుతో ఆగదు, డిపోర్టేషన్ దాకా వెళ్తుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, సిటిజన్లు కొనవచ్చు. కొనేటప్పుడు 4473 ఫారం నింపాలి, అందులో అబద్ధం రాస్తే అదో నేరం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే తుపాకీ దగ్గర పెట్టుకుని తిరగవచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే నేను చెబుతాను, దాన్ని ఒప్పుకునే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే 30.05, 30.06, 30.07 అంకెలున్న బోర్డులు తలుపుల మీద ఉంటాయి, వాటిని చదవడం అలవాటు చేసుకోండి. షాపు మీది కాకపోతే ఓనర్ని ముందే అడగండి. ఉద్యోగులు తుపాకీ తేకూడదని రూలు పెట్టుకున్న చైన్లు చాలానే ఉన్నాయి.

ఇక మోడల్ సంగతి. మొదటిసారి నేను తూకం చూసి మోసపోయాను. షాపులో చేతిలో పెడితే సెల్‌ఫోన్ అంత బరువు కూడా అనిపించలేదు. 380 క్యాలిబర్, ఆరు తూటాల మ్యాగజైన్. రేంజ్‌లో ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేటు పెట్టి ఆరూ పేల్చాను. ప్లేటుకి తగిలినవి రెండు. మూడో మ్యాగజైన్ అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. తుపాకీ ఎంత తేలికైతే దెబ్బ అంత గట్టిగా వెనక్కి, మన చేతికే వస్తుంది. గొట్టం పొట్టిది, గురి చూసే గుర్తులు చిన్నవి. చిటికెన వేలికి పట్టు దొరకదు. చిన్న తుపాకీ కొత్తవాళ్లకి సులువని షాపుల్లో చెబుతుంటారు కానీ, నిజానికి అది చేయి తిరిగినవాళ్ల పనిముట్టు.

ఇప్పుడు ఎవరికైనా మూడు రకాలు చూపిస్తాను. ఒకటి స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్. ఐదు తూటాలు, 38 స్పెషల్, నాలుగు వందల గ్రాములకి కాస్త అటూ ఇటూ. హ్యామర్ లోపలే దాగి ఉంటుంది కాబట్టి జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తట్టుకోదు. ట్రిగ్గర్ బరువు, దూరం లాగాలి. వేళ్లలో బలం లేనివాళ్లకి అదే కష్టం, జేబులో పెట్టుకునేవాళ్లకి అదే రక్ష. రెండోది రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్. 2021లో వచ్చింది, మూడు వందల గ్రాములు, మ్యాగజైన్‌లో పది 380 తూటాలు. మూడోది 2018లో వచ్చిన సిగ్ పీ365. తొమ్మిది ఎంఎం, అర కిలో. పేల్చడానికి ఈ మూడింటిలో ఇదే హాయి, జేబుకి మాత్రం ఇదే బరువు, నడుముకే బాగుంటుంది. మణికట్టు వదులుగా పెడితే చిన్న పిస్టళ్లు మధ్యలో ఇరుక్కుంటాయి, రివాల్వర్‌కి ఆ బెడద లేదు. రోజంతా ఐస్ బస్తాలు మోసి చేతులు వణికే మనిషికి నా ఓటు 642కే. స్లైడ్ వెనక్కి లాగలేకపోయే అక్కలు, పెద్దవాళ్లు కూడా ముందు రివాల్వర్ పట్టుకుని చూడండి. దాని ట్రిగ్గర్ కూడా భారమనిపిస్తే స్మిత్ అండ్ వెస్సన్‌లోనే ఈజీ అని ఒక రకం ఉంది, దాని స్లైడ్ తేలిగ్గా కదులుతుంది. సైజు మాత్రం కాస్త పెద్దది.

కొనేముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని కనీసం యాభై పేల్చండి. ఆ రోజు మీరు పనికి వేసుకునే ప్యాంటే వేసుకెళ్లండి. కొన్నాక తూటాలన్నీ తీసేసి, రెండుసార్లు చూసుకుని, గదిలో ఎవరూ లేకుండా స్టూలు మీద కూర్చుని జేబులోంచి తీసి చూడండి. బిగుతు జీన్స్‌లోంచి కూర్చుని తీయడం అయ్యే పని కాదు. కారులో సీటు బెల్టు పెట్టుకుంటే మరీనూ.

జేబులో తుపాకీ ఉంటే ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళంచెవి ట్రిగ్గర్ సందులోకి దూరిందంటే తొడలో గుండు దిగుతుంది. చిల్లర, చూయింగ్ గమ్, లాటరీ టికెట్ ముక్క, అన్నీ అవతలి జేబులోకి. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే పాకెట్ హోల్‌స్టర్ తప్పనిసరి. తుపాకీ తీసినప్పుడు అది జేబులోనే ఉండిపోవాలి, తుపాకీతోపాటు బయటికి రాకూడదు.

చెమట సంగతి ఎవరూ చెప్పరు. జూలైలో రెండు షిఫ్టులు చేస్తే తొడ పక్క స్క్రూల మీద చుక్కల్లా తుప్పు మొదలవుతుంది, స్టెయిన్‌లెస్ అయినా సరే. గొట్టంలో జేబు నూలుపోగులు చేరతాయి. వారానికోసారి ఖాళీ చేసి, తుడిచి, నూనె బట్టతో ఒక పూత వేయండి. జేబులో నానిన తూటాలని కొన్ని నెలలకోసారి రేంజ్‌లో పేల్చేసి కొత్తవి పెట్టండి.

గుడికి వెళ్లే రోజు ఇంట్లోనే వదిలేయండి. కారులో పెట్టి లోపలికి వెళ్తే దొంగకి అప్పజెప్పినట్టే. ఇంట్లోనూ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది మీ నేరం.

దొంగ డబ్బడిగితే ఇచ్చెయ్యమనే ఇప్పటికీ నేను చెప్పేది. డ్రాప్ సేఫ్, క్యాష్ రిజిస్టర్‌లో కొద్ది డబ్బు, పోస్టర్లు అడ్డం లేని అద్దాలు, బయట మంచి లైట్లు. జేబులో ఉన్నదానికంటే ఇవి ఎక్కువ రాత్రులు కాపాడతాయి. వీసా మీద ఉన్న తమ్ముళ్లు ఓనర్ని అడగాల్సింది కూడా ఇవే.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఇంకే పనికీ వాడకండి. ఇండియా వెళ్లినప్పుడు మూలన దాక్కున్న ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు, ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరగడం. పొరపాటున ఉండిపోయిందని నిరూపించుకునేసరికి సెలవంతా అయిపోతుంది. మా ఇంట్లో ఆ బ్యాగుకి ఎర్ర రిబ్బన్ కట్టి, గరాజ్‌లో మేకుకి తగిలించి ఉంచుతాం. సూట్‌కేసులు సర్దే వేళ మా ఆవిడ దాని దరిదాపులకి కూడా పోదు.