కాలువగట్లపై సైకిలు యాత్రలు – పంచాయతీలు చేయదగిన పని

సైకిలు మన పల్లెలకు క్రొత్త వస్తువు కాదు. పాలబిందెలు తగిలించుకొని పట్టణమునకు పోవు రైతు, బడికి పోవు బాలిక, ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగి, అందరును దానిని నమ్ముకొన్నవారే. అయితే ఇటీవలి సంవత్సరములలో మరియొక విధమైన సైకిలువారు మన ఊళ్లకు వచ్చుచున్నారు. వెనుక రెండు సంచులు, ముందొక దీపము, సీసాలో నీరు ఉంచుకొని పదిమంది కలిసి వత్తురు. వీరు పనిమీద వచ్చువారు కారు, దేశము చూడవచ్చినవారు. వీరివలన గ్రామమునకు కలుగు లాభమేమి, వీరి విషయమున పంచాయతీ చేయదగినదేమి యను సంగతిని ఈ పాఠములో వివరింపదలచితిమి. ఉదాహరణమునకు కోనసీమలోని అమలాపురమును తీసికొందుము. ఇతర ప్రాంతముల సభ్యులు తమ చెరువుగట్లకు, కొండదారులకు దీనిని అన్వయించుకొనవచ్చును.

గట్టుబాట పుట్టుక

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమ పల్లపునేల. ఎత్తుపల్లములు లేవు, సైకిలు త్రొక్కువానికి ఇంతకంటె సుఖమైన నేల దొరకదు. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మూలముగా ఈ సీమకు కాలువలు వచ్చినవి. ఆ ఆనకట్టకు బదులుగా నిర్మింపబడిన నేటి బ్యారేజి 1982లో పూర్తియైనది. దానికి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టిరి.

కాలువలు నీటిపారుదలకే గాక పడవల రాకపోకలకు కూడ ఉద్దేశింపబడినవి. గట్టుమీద నడచుచు మనుష్యులు త్రాళ్లతో పడవలను లాగుచుండిరి. లారీలు, బస్సులు వచ్చిన పిమ్మట పడవలు సన్నగిల్లినవి, గట్టుబాటలు మిగిలినవి. నీటి అంచున, కొబ్బరినీడన, పెద్ద వాహనముల రద్దీకి దూరముగా సాగు ఈ బాటలే నేటి సైకిలు యాత్రికులు వెదకికొని వచ్చుచున్న సొత్తు. ఇది మన పూర్వులు విడిచిపోయినది. మనము క్రొత్తగా కొననక్కరలేదు, కాపాడుకొన్న చాలును.

అమలాపురమునుండి కొన్ని దారులు

గంటకు 12 మొదలు 15 కిలోమీటర్ల చొప్పున పోవు యాత్రికుడు దినమునకు 50 కిలోమీటర్లు శ్రమ లేకుండ తిరుగగలడు. ఆ లెక్కన అమలాపురము చుట్టు దారులను ఇట్లు చెప్పవచ్చును.

తూర్పు ఉత్తరముగా పోయినచో అయినవిల్లి సిద్ధివినాయక దేవాలయము, ఆపైన ముక్తేశ్వరము రేవు. అక్కడ సైకిలును పంటుపై ఎక్కించి గౌతమిని దాటిన కోటిపల్లి చేరవచ్చును. ఓపికగలవారు పంచారామములలో నొకటియైన ద్రాక్షారామము వరకు పోయి మరల రావచ్చును.

పడమటి దారి అంబాజీపేట కొబ్బరి అంగడి మీదుగా పి. గన్నవరము చేరును. అక్కడ వైనతేయ పాయపై కాలువనే వంతెన మీదుగా దాటించిన అక్విడక్టు కలదు. 1850ల తొలినాళ్లలో 49 ఖానాలతో కట్టిన ఆ పాత నిర్మాణము చూచువారికి నేటికిని ఆశ్చర్యము గొల్పును. అక్విడక్టు దాటి అప్పనపల్లి బాలబాలాజీని దర్శించి, పాశర్లపూడి–బోడసకుర్రు వంతెన మీదుగా తిరిగి అమలాపురము చేరినచో ఒక దినపు చక్కని ప్రదక్షిణమగును.

దక్షిణపు దారి అల్లవరము మీదుగా ఓడలరేవు సముద్రతీరమునకు పోవును. ఉత్తరమున రావులపాలెము దాటి ఆత్రేయపురము మండలమునకు పోగలిగినవారు ర్యాలి జగన్మోహినీకేశవుని, కాలువలు చీలు లొల్ల లాకులను చూచి, పూతరేకులు రుచి చూడవచ్చును.

నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు కాలము అనుకూలము. జూలై మొదలు సెప్టెంబరు వరకు గోదావరి వరదకాలము. లంకదారులు ఆ నెలలలో యాత్రలకు తగవు.

మంచులో ఒక కల్వర్టు

2024 డిసెంబరులో మేము ముగ్గురము ఈ దారులలో నొకదానిని సైకిళ్లపై చూడబోతిమి. తెల్లవారుజామున మంచు దట్టముగా నుండెను. ఒక గ్రామము పొలిమేరలో గట్టుబాట పిల్లకాలువ కల్వర్టుపై మలుపు తిరుగుచున్నది. కల్వర్టుకు పిట్టగోడ లేదు, ఎన్నడో కూలినది. మాలో ముందున్నవాని చక్రము అంచున ఆగినది. ఒక జానెడు ముందునకు పోయియుండినచో మేము ఈ పాఠమును వేరు విధముగా వ్రాయవలసివచ్చెడిది.

ఊరిలోనికి పోయి సంగతి చెప్పగా, గడచిన వర్షకాలమున ఒక విద్యార్థిని అదేచోట సైకిలుతో కాలువలో పడినదనియు, రేవులో బట్టలు ఉతుకుచున్నవారు దూకి పైకి తీసిరనియు తెలిసినది. ‘‘ఆ కల్వర్టు మాది కాదండి, కాలువవారిది’’ అని సర్పంచిగారు చెప్పిరి. ఆ మాట అబద్ధము కాదు. కాని ప్రక్కనే యున్న వార్డు సభ్యురాలు మెల్లగా ఇట్లనెను: ‘‘కల్వర్టు కాలువవారిదే కావచ్చునండి, సర్పంచిగారూ. పడిన పిల్ల మాత్రము మన ఊరిదే గదండి.’’

యాత్రికుడు ఏడాదికొకసారి వచ్చును. ఆ బాటపై దినమునకు రెండుసార్లు పోవునది మన బిడ్డ. యాత్రికునికి క్షేమమైన దారి ముందుగా మన బిడ్డకు క్షేమమైన దారి. పంచాయతీ ఈ పనికి పూనుకొనుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

ఎవరి పని?

గట్టు జలవనరుల శాఖది, పెద్దరోడ్డు మరియొక శాఖది, ఊరిలోని వీథి పంచాయతీది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. రాష్ట్ర శాసనము ద్వారా పంచాయతీలకు అప్పగింపదగిన ఆ విషయములలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములు ఒకటి. కావున దారి సంగతి పంచాయతీకి సంబంధింపనిదని ఎవరును అనరాదు. స్వయముగా కట్టించు అధికారము లేనిచోట, తీర్మానించి వ్రాతమూలముగా అడుగు హక్కు ఎల్లప్పుడు కలదు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు మరునాటికి మరుగునపడును. ఫొటోతో, తేదీతో, తీర్మానపు ప్రతితో పంపిన దరఖాస్తుకు జవాబు రావలసియుండును.

కాలువలు ఏటా వేసవిలో కట్టివేయుదురు. నీరు లేని ఆ కొద్ది వారములలోనే కల్వర్టుల మరమ్మతులు సులభముగా జరుగును. అంచనాలు అంతకుముందే సిద్ధము కావలెను గనుక, తీర్మానమును సంక్రాంతి వెళ్లిన వెంటనే పంపుట మేలు. వేసవిలో అడిగినచో మరియొక వేసవివరకు ఆగవలసివచ్చును.

చేయవలసిన పనులు

1. ఒక ఉదయమున సభ్యులందరు సైకిళ్లపై తమ పొలిమేర దారులను తిరుగవలెను. కారునుండి కనబడని గుంట సైకిలుకు తెలియును. కూలిన పిట్టగోడలను, చీకటి మలుపులను, గట్టు కోసిన చోట్లను పుస్తకమున వ్రాసికొనవలెను.

2. మరమ్మతు జరుగులోపల అపాయస్థలమునకు ఇరువైపుల తాటిదుంగలు పాతి, సున్నము కొట్టి, రాత్రి మెరయు ఎఱ్ఱ బిళ్లలు అమర్చవలెను.

3. దారులు చీలుచోట బాణపు గుర్తుతో, ఊరిపేరుతో, దూరముతో బల్లలు నాటవలెను. తెలుగుతోపాటు ఆంగ్లమున కూడ వ్రాయించుట మంచిది. పొరుగు పంచాయతీలతో మాటాడుకొని ఒకే రంగు, ఒకే గుర్తు వాడినచో యాత్రికుడు తడబడడు.

4. కోతల కాలమున రోడ్డుపై ధాన్యము ఆరబోసి చుట్టు రాళ్లు పేర్చు అలవాటు కలదు. రైతును నిందించుట వలన లాభము లేదు. అతనికి వేరొకచోటు కావలెను. ఆరబోయుటకు స్థలము చూపవలెను. అది కుదరనిచోట ఒక ప్రక్క దారి విడువవలెననియు, ప్రొద్దు క్రుంకకముందే రాళ్లు తీయవలెననియు గ్రామసభలో నియమము చేయవలెను.

5. కంచెలకై నరికిన తుమ్మముళ్లను బాటపై విడువరాదు. పంక్చరులలో ఎన్నో ఈ ముళ్ల పుణ్యమే.

6. నీడచెట్లు నాటుటకు ముందు గట్టుపై ఎచ్చట నాటవచ్చునో శాఖవారిని అడిగి తెలిసికొనవలెను. వేళ్లవలన గట్టు చెడరాదు.

7. చలివేంద్రము, శుభ్రమైన మరుగుదొడ్డి, పంక్చరు వేయు దుకాణము, గాలిపంపు, ఇవి ఎచ్చట నున్నవో బల్లపై తెలుపవలెను.

లాభము మాట

కారులో వచ్చినవాడు ఊరు దాటి పోవును. సైకిలుపై వచ్చినవాడు ఊరిలో దిగును. కొబ్బరిబొండము త్రాగును, ఇడ్లీ తినును, ట్యూబు కొనును, దేవాలయము చూచును. ఆ ధనము పెద్దది కాకపోవచ్చును; కాని నేరుగా మన ఊరి చిన్న దుకాణపువాని చేతికి వచ్చును. ఇందుకు పెద్ద భవనములు కట్టనక్కరలేదు. కట్టి తాళము వేసిన భవనముకంటె నడుచుచున్న చలివేంద్రము మేలు.

పి. గన్నవరము ప్రాంతమువారికి అతిథిమర్యాద క్రొత్తగా నేర్పవలసినది కాదు. లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు గోదావరి దాటి వచ్చు బాటసారులకు వేళ యనక, కులము అడుగక అన్నము పెట్టిరి. 1909లో ఆమె కన్నుమూసినను, క్రొత్త అక్విడక్టు నేడు ఆమె పేరనే యున్నది. దారిని పోవువాని ఆకలి తన పనియే యని ఆమె తలచినది. దారిని పోవువాని క్షేమము తన పనియే యని నేటి పంచాయతీ తలపవలెను.

2025 ఫిబ్రవరిలో మేము మరల ఆ కల్వర్టు మీదుగా పోతిమి. పిట్టగోడ ఇంకను లేవలేదు. తీర్మానము మాత్రము శాఖకు చేరినది. ఇరువైపుల సున్నము కొట్టిన తాటిదుంగలు తెల్లగా నిలిచియుండెను. బడిపిల్లలు బెల్లులు మ్రోగించుకొనుచు వాని నడుమనుండి పోవుచుండిరి. మీ పొలిమేరలో అట్టి కల్వర్టు ఎచ్చట నున్నదో ఈ వారమే సైకిలెక్కి చూచిరండు.