షిఫ్టు డ్యూటీలోనూ ఇంటి తిండి



"సిస్టరమ్మా, ఇంటి తిండి మంచిదని నాకు తెల్వదా? పొద్దుగాల అయిదింటికి ఇంట్ల నుంచి ఎల్లాలె. ఎప్పుడు వండాలె, ఎవరు వండాలె?"

బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక సోదరుడు అడిగిన మాట ఇది. ఆయన చిట్కుల్‌లో అద్దె ఇంట్లో ఉంటాడు. పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. భార్య కూడా పనికి వెళుతుంది. పొద్దున టీ, నాలుగు బిస్కెట్లు. పది గంటలకు సమోసా. డ్యూటీ దిగి బండి ఎక్కే ముందు చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్. రాత్రి ఓపిక లేక రెండు నిమిషాల నూడుల్స్. వయసు ఇంకా నలభై నిండలేదు.

ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఉప్పు తగ్గించండి, ఇంట్లో వండుకోండి అని చెప్పి పంపడం మనకు సులభం. సమయం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకపోతే ఆ సలహా వల్ల ఉపయోగం లేదు. అందుకే ఈ పాఠంలో ఆ ప్రశ్నకే జవాబు వెతుకుదాం.

ప్రాసెస్ చేసిన ఆహారం అంటే ఏమిటి?

చాలామంది మిల్లు పట్టిన పిండి, నూనె, పెరుగు కూడా చెడ్డవేనని భయపడతారు. అది సరికాదు. దంచడం, ఎండబెట్టడం, పులియబెట్టడం, వేయించడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నవే. ఇడ్లీ పిండి కూడా ఒక విధంగా ప్రాసెస్ చేసినదే.

బ్రెజిల్ దేశంలోని సావోపావ్లో విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ కార్లోస్ మోంటీరో, ఆయన బృందం ఆహారాన్ని నాలుగు గుంపులుగా విడదీసి చూపించారు. మొదటిది ఉన్నది ఉన్నట్టుగా తినేవి లేదా కొద్దిగా మార్చినవి: బియ్యం, జొన్నలు, పప్పులు, కూరగాయలు, గుడ్లు, పాలు. రెండవది వంటకు వాడే నూనె, ఉప్పు, చక్కెర, బెల్లం. మూడవది ఈ రెండూ కలిపి నిలవ చేసినవి: పచ్చడి, ఉప్పు చేప వంటివి. నాలుగవది ఫ్యాక్టరీలో రంగులు, వాసనలు, రుచి పెంచే పదార్థాలు కలిపి తయారైనవి: కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిప్స్, నూడుల్స్, క్రీమ్ బిస్కెట్లు. మనం ముఖ్యంగా తగ్గించుకోవలసింది ఈ నాలుగవ గుంపును.

గుర్తుపట్టడానికి సులభమైన పద్ధతి ఒకటుంది. ప్యాకెట్ వెనుక రాసిన పదార్థాలలో మీ వంటింట్లో ఎన్నడూ లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి ఎక్కువైతే అది నాలుగవ గుంపులోనిదే.

ఎందుకు తగ్గించాలి?

2019లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో డాక్టర్ కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి పరీక్షించింది. రెండు వారాలు ఫ్యాక్టరీ ఆహారం, రెండు వారాలు మామూలు వంట ఆహారం పెట్టారు. వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఆకలి ఉన్నంత తినమన్నారు. ఫ్యాక్టరీ ఆహారం పెట్టిన రోజుల్లో వారు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో సుమారు 900 గ్రాముల బరువు పెరిగారు. మామూలు ఆహారం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. అంటే తప్పంతా మన నోటి చాపల్యానిది కాదు. ఆ తిండి తయారీలోనే ఎక్కువ తినిపించే గుణం ఉంది.

మన దేశంలో 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగర్, నూటికి 35 మందికి బీపీ ఉన్నట్టు అందులో తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో కూడా ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉండే ఫ్యాక్టరీ ఆహారాన్ని తగ్గించమని ప్రత్యేకంగా చెప్పింది.

ప్యాకెట్ చదవడం నేర్చుకుందాం

1. పదార్థాల వరుస: ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. ముందు గోధుమ బొమ్మ ఉన్న బిస్కెట్ ప్యాకెట్ వెనుక మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే.

2. సోడియం: ఇందులో అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. ఒక మనిషికి రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఆ అంకె 100 గ్రాములకా, మొత్తం ప్యాకెట్‌కా అని కూడా చూడండి.

3. నంబర్లు: అన్ని నంబర్లూ విషం కాదు. 330 అంటే నిమ్మకాయలో ఉండే సిట్రిక్ యాసిడ్. 211 చెడిపోకుండా ఉంచేది. 621 రుచి పెంచేది. 102, 110, 122 కృత్రిమ రంగులు. వీటికి ప్రభుత్వం పరిమితులు పెట్టింది. అయితే ఒకే ప్యాకెట్‌లో ఇలాంటివి అయిదారు ఉంటే, దాన్ని రోజూ కొనవలసిన అవసరం లేదు.

4. ప్యాకెట్ లేని తిండి: బండి మీద అమ్మే ఎర్రటి మంచూరియాకు లేబుల్ ఉండదు. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను, పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగును నిషేధించింది. రంగు కళ్ళకు కొట్టినట్టుంటే, నూనె నల్లగా మారి ఉంటే దూరంగా ఉండండి.

అసలు చిక్కు ఎక్కడ?

ఆ సోదరుడిని సిస్టర్ ఒక ప్రశ్న అడిగింది: "తమ్మీ, బయటి తిండి ఏ టైముకు తింటున్నవ్?" ఆయన ఆలోచించి చెప్పాడు: పొద్దున ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, పది గంటలకు, డ్యూటీ దిగిన అరగంటలో.

ఆ సమయాల్లో వంట చేయడం ఎవరికైనా అసాధ్యమే. ఆకలి వేసినప్పుడు సంచిలో ఏమీ లేకపోవడమే అసలు చిక్కు. వంట నేర్పు ఎంత ఉన్నా ఆ అరగంటలో పనికిరాదు. ఆ అరగంటకు ముందే సంచిలో ఏదో ఒకటి ఉండాలి. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే.

సంచిలో ఏముండాలి?

వేయించిన పల్లీలు, పుట్నాలు, చిన్న బెల్లం ముక్క, ఒక అరటిపండు లేదా జామపండు. ఇవి వండనక్కరలేదు, ఎండలో చెడిపోవు. 100 గ్రాముల పల్లీలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక్క గుప్పెడు చాలు. షుగర్ ఉన్నవారు బెల్లం వదిలేయాలి. ఉప్పు చల్లిన పల్లీలు కాకుండా మామూలువి కొనండి. ఒక సీసా మంచినీళ్ళు కూడా ఉంటే కూల్‌డ్రింక్ మీదికి మనసు పోదు.

వారానికి ఒక్క గంట

సెలవు రోజున ఇంట్లో అందరూ కలిసి ఒక గంట కూర్చుంటే వారమంతా సులభమవుతుంది. పల్లీలు, పుట్నాలు వేయించి డబ్బాలకు ఎత్తండి. పల్లి పొడి లేదా కరివేపాకు పొడి కొట్టుకోండి, ఉప్పు తక్కువ వేయండి. అల్లం వెల్లుల్లి నూరుకోండి. జొన్న పిండి, రాగి పిండి జల్లించి పెట్టుకోండి. ఫ్రిజ్ ఉన్నవారు దోసె పిండి రుబ్బుకోవచ్చు. లేనివారు శనగలు, పెసలు డ్యూటీకి వెళ్ళేటప్పుడు నానబెట్టి, వచ్చాక ఉడికించుకోవచ్చు. కుక్కర్‌లో ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో పప్పు, ఆకుకూర పెడితే అరగంటలో భోజనం తయారవుతుంది.

షిఫ్టును బట్టి

పొద్దుటి షిఫ్టు: సద్దన్నం కంటే తొందరగా అయ్యే టిఫిన్ లేదు. రాత్రి అన్నం మిగిలిన వెంటనే చల్లార్చి, కాచి చల్లార్చిన పాలు, కొంచెం పెరుగు కలిపి మూత పెట్టండి. తెల్లవారుజామున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో తిని వెళ్ళవచ్చు. గంటల తరబడి బయట ఉండిపోయిన అన్నాన్ని ఇలా వాడకూడదు. తోడుపెట్టిన దాన్ని మధ్యాహ్నం దాకా ఉంచకూడదు.

మధ్యాహ్నం షిఫ్టు: భోజనం ఇంట్లోనే చేసి వెళ్ళండి. సాయంత్రానికి డబ్బాలో జొన్న రొట్టె, పల్లి తొక్కు లేదా నిమ్మకాయ అన్నం పెట్టుకోండి. ఎండాకాలంలో పప్పు తొందరగా పాడవుతుంది. చింతపండు, నిమ్మకాయ పులుపు ఉన్నవి కొంత నయం.

రాత్రి షిఫ్టు: డ్యూటీకి ముందే కడుపునిండా తినండి. అర్ధరాత్రి పెద్ద భోజనం చేస్తే రక్తంలో చక్కెర పెరిగే అవకాశం ఎక్కువ. ఆ సమయంలో పుట్నాలు, మజ్జిగ, ఉడికించిన గుడ్డు సరిపోతాయి. టీ మీద టీ తాగితే పొద్దున నిద్ర పట్టదు.

నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో ఉండే తమ్ముళ్ళు కూడా షిఫ్టులను బట్టి వంతులు వేసుకోవచ్చు. ఒక్కరు వండితే అయిదుగురికీ పూట గడుస్తుంది.

మన నేల మీద పండేవి

మనం ఉండే చోటును చూసుకుందాం. పటాన్‌చెరులోనే 1972లో ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన ఇక్కడ జరుగుతోంది. అదే ముంబయి రోడ్డున ముందుకు వెళితే జహీరాబాద్ వస్తుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తోంది. ఆ సంఘాలలోని పేద దళిత మహిళలు పాత విత్తనాలను కాపాడి జొన్న, కొర్ర, సామ పంటలను నిలబెట్టారు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా మించదు. వీటి కోసం ఖరీదైన 'మిల్లెట్ బిస్కెట్లు' కొననక్కరలేదు. జొన్న రొట్టె, రాగి అంబలి చాలు.

కూరగాయల విషయంలో ఒక మాట. మన ప్రాంతంలో ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో, చెరువుల్లో కలిసిన సంగతి అందరికీ తెలుసు. దీనిపై 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. కూరగాయలను రెండు మూడు నీళ్ళలో కడిగితే మట్టి, పైన పడిన మందు చాలావరకు పోతాయి. మొక్క వేరు ద్వారా పీల్చుకున్నది మాత్రం కడిగితే పోదు. అందుకే వాసన వచ్చే కాలువ నీళ్ళతో పెంచిన ఆకుకూరలు కొనకండి. ఎక్కడ పండిందో అమ్మే వారిని అడగండి. డాబా మీద మంచి మట్టితో రెండు కుండీల మెంతికూర, కొత్తిమీర పెంచుకోవడం కష్టం కాదు.

పని ఎవరిది?

ఇంటి తిండి అనగానే భారమంతా ఇల్లాలి మీద వేస్తాం. ఆమె కూడా ఎనిమిది గంటలు నిలబడి పని చేసి వస్తుంది. ఆమె నిద్ర తగ్గించి వండిన అన్నం ఆరోగ్యాన్నిచ్చే అన్నం అని ఎలా అనగలం? పల్లీలు వేయించడం, ఉల్లిగడ్డలు కోయడం, డబ్బాలు కడగడం మగవారూ, పిల్లలూ చేయగల పనులే.

రోగులకు ప్రత్యేక సూచన

* బీపీ, షుగర్ మాత్రలను ఆహారం మారిందని మానకూడదు.
* షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు షిఫ్టు మారినప్పుడు భోజన వేళల గురించి డాక్టరును అడగాలి. ఏ పూటా తినకుండా ఉండకూడదు.
* కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పులు, పండ్లు, తక్కువ సోడియం ఉప్పు గురించి అడిగి తెలుసుకోవాలి.
* ఇంటి తిండిలో కూడా పచ్చళ్ళు, అప్పడాలలో ఉప్పు చాలా ఎక్కువ. బీపీ ఉన్నవారికి ఇవీ తగ్గాలి. వాడే ఉప్పు అయోడిన్ ఉన్నదే కావాలి.

ఆ సోదరుడు ఒకేసారి అన్నీ మార్చలేదు. మొదట ఒక స్టీలు డబ్బాలో పల్లీలు, పుట్నాలు పెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. తరువాతి నెల వచ్చినప్పుడు, "చిప్స్ బంద్ అయినయి సిస్టరమ్మా, కూల్‌డ్రింక్ ఇంకా వారానికొకటి తాగుతున్న" అని ఉన్నమాట చెప్పాడు. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. నూడుల్స్ బదులు పప్పన్నం రాత్రి డ్యూటీ వారంలో తన వంతు అని భార్యతో ఒప్పుకున్నాడు. ఇంతటి మొదలు ఎవరికైనా సాధ్యమే.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో బయటి తిండి ఏ సమయంలో ఎక్కువ తింటున్నాం? ఆ సమయానికి సంచిలో ఏముంచగలం?
2. ఈ వారం మనం కొన్న ప్యాకెట్లలో ఒకదాని వెనుక వైపు అందరూ కలిసి చదివి, అందులో ఉప్పు ఎంతో లెక్క వేయండి.
3. సెలవు రోజు గంట పనిలో ఎవరి వంతు ఏమిటి?