వ్యాసరచనకు ముందు పరిశోధన – క్రొమటోగ్రఫీ ఒక ఉదాహరణ

విజ్ఞానశాస్త్ర వ్యాసంతో తెలుగు అధ్యాపకునికి పనేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. కొంతకాలం క్రితం వరకు నాకూ ఆ సందేహం ఉండేది. ఒకనాడు డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు, విజ్ఞాన సదస్సులో చదువదలచిన వ్యాసంలోని భాషాదోషాలు సరిచూడవలసిందిగా నన్ను కోరాడు. విషయం క్రొమటోగ్రఫీ. ఆరు పుటల ఆ వ్యాసంలో దోషాలు దాదాపు లేవు. ఎందుకు లేవో రెండవ పుట పూర్తయ్యేసరికి బోధపడింది. అది పరీక్షల గైడు నుండి ఎత్తి వ్రాసినది.

“నాయనా, ఇందులో నీవు వ్రాసిన వాక్యమేది?” అని అడిగాను.

“అంతా నా చేతితోనే వ్రాశాను సార్,” అన్నాడు అమాయకంగా.

నేను మూడు ప్రశ్నలు వేశాను. ఈ పద్ధతిని మొదట ఎవరు, ఏ పని కోసం కనుగొన్నారు? పదార్థాలు ఎందుకు విడిపోతాయి? ఆ విడిపోవడం నీవు కళ్ళారా చూశావా? అతడు తల వంచుకున్నాడు. నిజం చెప్పాలంటే మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం నాకూ తెలియదు. మూడవదానికి నేనూ లేదనవలసినవాడినే. ఆ తరువాత మూడు వారాలు మేమిద్దరం కలిసి చదివాము. రసాయనశాస్త్ర అధ్యాపక మిత్రులొకరు చేయూతనిచ్చారు. వ్యాసం వ్రాయబూనే విద్యార్థులకు ఉపకరిస్తుందని ఆ అనుభవాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

పదాల పరిశీలన

ఏ విషయానికైనా మొదటి మెట్టు పదం. గ్రీకు భాషలో ‘క్రోమా’ అంటే రంగు, ‘గ్రాఫీన్’ అంటే వ్రాయడం. తెలుగులో వర్ణలేఖనం అనుకోవచ్చు. అయితే పేరును బట్టి ఇది రంగు పదార్థాలకే పరిమితమనుకోరాదు. రంగులేని వాయువులను, ఔషధాలను కూడా నేడు ఈ పద్ధతిలో వేరుచేస్తున్నారు.

గైడులో ‘శోషణం’, ‘అధిశోషణం’ అనే మాటలు ఒకదానికి బదులు మరొకటి పడి ఉన్నాయి. మా విద్యార్థి వాటిని అట్లే దించాడు. నీరు స్పాంజి లోపలికి ఇంకిపోవడం శోషణం. ఒక పదార్థం మరొకదాని ఉపరితలాన్ని మాత్రమే అంటిపెట్టుకొనడం అధిశోషణం. ‘అధి’ అనే ఉపసర్గకు ‘పైన’ అనే అర్థం ఉన్నదని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరుగదు.

సూత్రం కఠినమైనది కాదు. కదలని పదార్థం ఒకటి, దాని గుండా ప్రవహించే ద్రావణి మరొకటి ఉంటాయి. వీటిని స్థిర ప్రావస్థ, చలన ప్రావస్థ అంటారు. సంతలో నడిచే గుంపును ఊహించండి. ప్రతి దుకాణం ముందు ఆగేవాడు వెనుకబడతాడు. దేనివైపూ చూడనివాడు ముందుగా అవతలికి చేరుతాడు. మిశ్రమంలోని పదార్థాలు కూడా అంతే. స్థిర ప్రావస్థపై ఆకర్షణ ఎక్కువైనది వెనుకబడుతుంది, తక్కువైనది ముందుకు సాగుతుంది.

చరిత్ర నేర్పే పాఠం

ఈ పద్ధతికి ఆద్యుడు మిఖాయిల్ త్స్వెట్. 1872లో ఇటలీలో జన్మించిన ఈ రష్యన్ శాస్త్రజ్ఞుడు రసాయనశాస్త్రజ్ఞుడు కాదు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆకులలోని వర్ణకాలను చెడకుండా వేరుచేయడమే ఆయన సమస్య. గాజు గొట్టంలో కాల్షియం కార్బొనేట్ పొడిని దట్టించి, పైనుండి ఆకుల రసాన్ని, ఆ తరువాత శుద్ధ ద్రావణిని పోశాడు. పత్రహరితాలు, జాంథోఫిల్లులు, కెరోటిన్ వేర్వేరు పట్టీలుగా విడివడ్డాయి. 1903లో వార్సాలో ఈ విషయమై ఉపన్యసించాడు. 1906లో జర్మన్ వృక్షశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసాలలో దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. రష్యన్ భాషలో ‘త్స్వెట్’ అంటేనే రంగు!

1910లో ఆయన రష్యన్ భాషలో గ్రంథం వెలువరించాడు. కాని ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఈ పద్ధతిని విశ్వసించలేదు. 1919లో త్స్వెట్ మరణించేనాటికి దానికి తగిన గుర్తింపు రాలేదు. 1931లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, రిచర్డ్ కూన్ ప్రయోగశాలలో ఎడ్గార్ లెడరర్ దానిని పునరుద్ధరించాడు. అందుకు అతనికి తోడ్పడినది ఆ రష్యన్ గ్రంథానికి జర్మన్ అనువాదపు ప్రతి. పత్రహరితంపై కృషికి 1915లో నోబెల్ బహుమతి పొందిన విల్‌స్టాటర్ తన కోసం చేయించుకున్న ప్రతి అది. ఒక భాషలో నిలిచిపోయిన విద్యను అనువాదం మరొక తరానికి అందించింది. రెండు భాషల నడుమ చదువుకొనే మన విద్యార్థులు ఈ సంగతిని మరువరాదు.

1941లో ఇంగ్లండులోని లీడ్స్‌లో, ఉన్ని పరిశ్రమకు చెందిన పరిశోధనాలయంలో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు వితరణ క్రొమటోగ్రఫీని రూపొందించారు. 1944లో కాన్స్‌డెన్, గార్డన్, మార్టిన్‌లు వడపోత కాగితాన్నే ఉపయోగించి అమైనో ఆమ్లాలను వేరుచేశారు. 1952లో మార్టిన్, సింజ్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ప్రయోగం

చదివినది చాలదు, చూడాలి. వడపోత కాగితపు పట్టీ, నల్లని స్కెచ్ పెన్, మూత ఉన్న గాజు సీసా, కొంచెం నీరు చాలు. పట్టీ అడుగు నుండి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిలుతో గీత గీసి, దానిపై చిన్న చుక్క పెట్టాలి. సిరాతో గీత గీస్తే ఆ గీతే కరిగి పైకి పాకుతుంది. మా మొదటి ప్రయత్నంలో చుక్క నీటిలో మునిగింది. రంగంతా సీసాలో కలిసిపోయింది. నీటిమట్టం చుక్కకు దిగువన ఉండాలని పుస్తకంలో చదివే ఉన్నాము. ఆ వాక్యానికి అర్థం మాత్రం అప్పుడు తెలిసింది.

రెండవ ప్రయత్నంలో నల్లని చుక్క నుండి నీలం, ఎరుపు, పసుపు ఛాయలు విడిపోతూ పైకి సాగాయి. పదార్థం నడిచిన దూరాన్ని ద్రావణి నడిచిన దూరంతో భాగిస్తే ఆర్.ఎఫ్. విలువ వస్తుంది. నీరు 8 సెంటీమీటర్లు, నీలిరంగు 6 సెంటీమీటర్లు నడిచాయి, విలువ 0.75. మరొకసారి చేస్తే 0.74 వచ్చింది. ఇంకొకసారి 0.82 వచ్చింది. ఆనాడు సీసాకు మూత పెట్టడం మరచిపోయాము.

“ఆ మూడవది వదిలేద్దాం సార్, ఎవరికీ తెలియదు,” అన్నాడు విద్యార్థి.

“నీకు తెలుసు కదా!” అన్నాను.

అతడు మూడు అంకెలనూ వ్రాసి, మూత లేకపోవడం కారణం కావచ్చునని తన మాటలలో చేర్చాడు. వ్యాసంలో అతని సొంత వాక్యాలు అక్కడే మొదలయ్యాయి.

మరొక సంగతి. త్స్వెట్ వాడినది సుద్ద కనుక తరగతి గదిలోని సుద్దముక్క కూడా అదే పదార్థమని అతడు వ్రాశాడు. విచారిస్తే మనం బోర్డుపై వ్రాసే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో, అంటే కాల్షియం సల్ఫేట్‌తో తయారవుతాయని తేలింది. సామ్యం బాగున్నంత మాత్రాన నిజం కాజాలదు.

రచన

వ్రాసే ముందు పుస్తకాలన్నీ మూసివేయమన్నాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆ విద్యార్థి, విషయమంతా మొదట తన చెల్లెలికి ఉర్దూలో చెప్పాడు. ఆమె అడిగిన చోటల్లా తడబడ్డాడు. తడబడిన చోట మళ్ళీ చదివాడు. ఆ తరువాతనే తెలుగులో వ్రాశాడు. ఆరు పుటలు నాలుగయ్యాయి. ఈసారి భాషాదోషాలు పదునాలుగు కనిపించాయి. సంతోషంగా దిద్దాను.

సదస్సులో అతనికి బహుమతి రాలేదు. కాని సభలో అడిగిన ప్రశ్నలకు కాగితం వంక చూడకుండా సమాధానం చెప్పాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన గ్రంథాలయంలో గైడులకు కొదవ లేదు. వాటి సరసన ఉర్దూ, తెలుగు పారిభాషిక పదకోశాలను, కొన్ని విజ్ఞానశాస్త్ర చరిత్ర గ్రంథాలను కూడా చేర్చగలరని ప్రార్థన. విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఒకటే. వ్యాసం ముగించిన తరువాత మీరు చదివినదేదో, చూచినదేదో, ఊహించినదేదో వేరుచేసి చూచుకొనండి. మీదంటూ ఒక్క పంక్తి అయినా మిగిలితే, ఆ వ్యాసం కింద మీ పేరు నిస్సంకోచంగా వ్రాసుకొనవచ్చు.