పొలము మోటారునకు సెల్ మోడెము నెన్నుకొనుట

మన గ్రామములలో వ్యవసాయపు విద్యుత్తు రాత్రివేళ వచ్చుటయుఁ గలదు. అప్పుడు రైతు టార్చిలైటు చేతఁబట్టుకొని గట్లవెంట బోరుబావికి నడచి మోటారు వేయవలెను. పాముకాటునకును, తడిసిన స్టార్టరు డబ్బాకును జడియవలసినది ఆ వేళయందే. ఇంటినుండియే మోటారు వేయఁగల చిన్న యంత్రమును విద్యార్థులు నిర్మింపఁదలఁచినచో, మైక్రోకంట్రోలరు నెన్నుకొనుట సులభము. టవరుతో మాటలాడు మోడెము నెన్నుకొనుటయే కష్టము.

ఈ రెండును తీగలమీఁద అక్షరములు పంపుకొనును. మైక్రోకంట్రోలరు ‘ఏటీ’ యని పంపిన, మోడెము ‘ఓకే’ యని బదులు చెప్పును. ఈ భాష 1981లో హేస్ కంపెనీవారు టెలిఫోను మోడెమునకై ఏర్పఱచినది, నేఁటికిని చెల్లుచున్నది.

మొదట విచారింపవలసినది ధర కాదు. పొలమున నే కంపెనీ టవరు అందుచున్నదో యది. బజారులో చౌకగా దొరకు సిమ్‌800ఎల్ 2జీ మాత్రమే యెఱుఁగును. 2016లో సేవ నారంభించిన జియోవారికి 2జీ లేదు. వారి సిమ్ము నందుంచిన మోడెము మాటలాడదు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రావారు 2016 చివరను, అమెరికాలో ఏటీ అండ్ టీవారు 2017 ఆరంభమునను 2జీని నిలిపివేసిరి. కావున పదేండ్లు పొలమున నుండవలసిన వస్తువునకు, 2జీయుఁ దెలిసిన 4జీ ‘క్యాట్ 1’ మోడెము మేలని నా యభిప్రాయము. అయినను 4జీ యన్నంతనే చాలదు. జియోవారు వాడునవి 3, 5, 40 బ్యాండ్లు. అమెరికాకై చేసిన సిమ్‌7600ఏ వీనిని వినదు. ఫోను కాల్‌తో మోటారు వేయఁదలఁచిన, జియో సిమ్మునకు వోల్టీ గల మోడెము కావలెను. ఎస్సెమ్మెస్ చాలునన్నచో పని కొంత తేలిక.

ఇఁక విద్యుత్తు సంగతి. పిల్లలు మిక్కిలి చిక్కుపడున దిచ్చటనే. 2జీ మోడెము నిరంతరముగాఁ బలుకదు. 4.6 మిల్లీసెకనులలో ఎనిమిదవ వంతు మాత్రమే పలుకును. ఆ క్షణమున 2 ఆంపియర్ల వఱకు లాగును. మామూలు మీటరు సగటునే చూపును గనుక ఈ సంగతి కంటికిఁ గనఁబడదు. ఆర్డుయినో ఊనో పలకమీఁది 3.3 వోల్టుల సూది 50 మిల్లీయాంపియర్లకు మించి యీయలేదు. దానికిఁ దగిలించినచో వోల్టేజి పడిపోయి, టవరును వెదకిన ప్రతిసారియు మోడెము మరల మొదటికి వచ్చును. నింద మాత్రము మోడెముపైఁ బడును! సిమ్‌800ఎల్‌నకు 3.4 మొదలు 4.4 వోల్టులు కావలెను. 5 వోల్టులు నేరుగా నిచ్చుట ప్రమాదము. పొట్టివి, లావైనవి యగు తీగలతో వేఱు సరఫరా నిచ్చి, మోడెము దాపున 1000 మైక్రోఫారడుల కెపాసిటరు నుంచుట మంచిది. 4జీ మోడెము 2జీకి దిగినప్పుడును ఇదే యాకలి.

పిలిచిన నంబరు నొక్కదానినే నమ్మి మోటారు వేయరాదు. నంబరును దొంగిలించి పిలుచుట సాధ్యము. ఎస్సెమ్మెస్‌లో రహస్యపదము నడుగవలెను. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు రిలే ఆఁగియే యుండవలెను. లేనిచో బావివద్ద మరమ్మతు చేయువాని చేయి పోవును.

కొనుటకు ముందు, అరువు తెచ్చిన మోడెమునైనను బావివద్దకుఁ గొనిపోయి ‘ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ’ యని యడుగుఁడు. 0 నుండి 31 వఱకు సంఖ్య వచ్చును. ఎక్కువైన కొలఁది మంచిది. 99 వచ్చినచో సంకేతము తెలియలేదనుట. ఇనుపడబ్బా మూసి మరల నడిగిన నా సంఖ్య పడిపోవచ్చును. ఏరియలును డబ్బా వెలుపలనే బిగింపుఁడు.